ఎలుగుకు మన మాటలు ఇవ్వవచ్చా?

జంతువు చేత మనిషి మాటలు పలికించడం దానికి అన్యాయం చేయడమేనా? 1894లో వచ్చిన కిప్లింగ్ ‘జంగిల్ బుక్’లో బాలూ అనే ఎలుగు అడవి ధర్మం నేర్పే గురువు, 1926 నాటి మిల్న్ పుస్తకంలో విన్నీ ద పూ అనే ఎలుగు తేనెకోసం తపించే అమాయకుడు. మన అడవుల్లోని ఎలుగుబంటి గురువూ కాదు, అమాయకుడూ కాదు. పొడవాటి గోళ్లతో పుట్టలు తవ్వి, పైవరుసలో రెండు ముందుపళ్లు లేని సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. పిల్లలను వీపున మోస్తుంది. ఉలిక్కిపడితే మనిషి మీద పడుతుంది. కథ ఈ జీవిని చెరిపేసి మన గుణాలనే దానికి తొడుగుతోందన్న ఆక్షేపణలో బలముంది.

అయితే మాట్లాడించడమే తప్పనుకుంటే రామాయణంలో జాంబవంతుడికీ చోటుండదు. హనుమంతుడికి అతని బలాన్ని గుర్తుచేసేది ఆ భల్లూకమే. వివేకం మనిషి ఒక్కడి సొత్తు కాదని ఆ కల్పన చెబుతుంది. కథలు లేకుంటే పసిమనసులో దయ ఎలా పుడుతుందని అడిగేవారి మాటా కాదనలేం. కానీ మనలా ఉందని మాత్రమే పుట్టిన దయ, ఎలుగు చేలోకి వచ్చిన రోజున నిలవదు. మనతో పోలిక లేని ప్రాణికీ బతికే హక్కుందని ఒప్పుకోవడమే అహింసకు అసలు పరీక్ష. అందుకే పిల్లలకు బాలూ కథ చెప్పాలి, వెంటనే చెదలు తినే ఎలుగు సంగతీ చెప్పాలి. పెద్దల పుస్తకాలకూ ఈ నియమమే వర్తిస్తుంది.