రేవులో పలక

ఏటికి అవతలి ఒడ్డున పేరుమోసిన నేతశాల ఒకటి ఉండేది. ఏటా ఇరవై మందిని చేర్చుకునేది, అంతకు ఒక్కరు ఎక్కువ కాదు. చుట్టుపక్కల ఊళ్లలో మగ్గం ఉన్న ప్రతి ఇల్లూ తమ పిల్ల అక్కడ పని నేర్చుకోవాలనే కోరుకునేది. చేరదలచినవాళ్లు ముందు తమ ఊరి పెద్దల ఎదుట, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా మగ్గం మీద కూర్చోవాలి. ఎన్ని మూరలు నేస్తే అన్ని మూరలని పెద్దలు చీటీ రాసి ఇచ్చేవారు. ఆ చీటీ పట్టుకుని, పడవకు కేవు కట్టి, ఏరు దాటి, శాల గుమ్మంలో ఇచ్చి రావాలి.

శాలవాళ్లకు దాపరికం లేదు. నిరుడు చేరినవాళ్ల లెక్కను పలక మీద రాయించి రేవులో వేలాడదీసేవారు. చేరినవారిలో సగం మంది తొమ్మిది మూరలకూ పన్నెండు మూరలకూ మధ్య నేశారని దాని మీద ఉండేది. చదివినవాళ్లు ఊళ్లోకి వచ్చి చెప్పేసరికి ఆ మాట కురచైపోయేది. ఒకరు తొమ్మిది నుంచి పన్నెండు అన్నారు. ఇంకొకరు తొమ్మిదికి తక్కువైతే లాభం లేదన్నారు. నాలుగు వీధులు తిరిగేసరికి, తొమ్మిది మూరలు నేయనివాణ్ణి గుమ్మం తొక్కనివ్వరన్నంతదాకా పోయింది. శాలవాళ్లు ఆ మాట ఎన్నడూ అనలేదు. ఊళ్లో అదే చెల్లింది.

ఒక ఏడు ఒకే ఊళ్లో ఇద్దరు చీటీలు తీసుకున్నారు. కుర్రవాడి చీటీలో ఎనిమిది మూరలు, అమ్మాయి చీటీలో ఏడు.

కుర్రవాడు పట్టు వదల్లేదు. పెద్దలను బతిమాలి మళ్లీ మగ్గం ఎక్కాడు. ఎనిమిదిన్నర వచ్చింది. ఇంకోసారి ఎక్కాడు. అదే ఎనిమిదిన్నర. చుట్టాలు వచ్చి కేవు డబ్బులు దండగన్నారు, గుమ్మంలో కాదనిపించుకుని వస్తే నలుగురిలో తలవంపులన్నారు. డబ్బుల మాట అతన్ని ఆపలేదు గానీ తలవంపుల మాట ఆపింది. చీటీని మడిచి చూరులో దోపి, ఊరి చివరున్న చిన్న శాలలో చేరిపోయాడు. అది చెడ్డ శాలేమీ కాదు.

అమ్మాయి కూడా అక్కడితో ఆగిపోయేదే. వారం వారం నూలు మూటలు ఏరు దాటించి పెద్ద శాలకు చేరవేసే ముసలాయన ఒకరు ఉంటే, తల్లి ఆమెను ఆయన దగ్గరికి పంపింది. ఆయన ధైర్యం చెప్పలేదు, భయమూ పెట్టలేదు. పలకను సొంత కళ్లతో చదువుకుని రమ్మన్నాడంతే.

ఆమె రేవుకు వెళ్లి చదివింది. ఊళ్లో ఎవరి నోటా వినపడని సగం అన్న మాట అక్కడ కనిపించింది. ఇరవై మందిలో సగమంటే పది మంది. పన్నెండు దాటినవాళ్లు అయిదుగురనుకున్నా, తొమ్మిదికి లోపు నేసినవాళ్లు ఇంకో అయిదుగురు ఉండాలి. వాళ్లెవరో రేవులో వచ్చేపోయేవాళ్లను అడిగింది. ఒకడు శాల పెద్ద తోడల్లుడి కొడుకు. నీతి కథల్లోనూ తోడల్లుళ్లు తప్పరు మరి. ఇంకొకడు పడవ పందేల్లో ఏటా శాల పరువు నిలబెట్టే తెడ్డుగాడు. మూడో ఆమె రంగుల అద్దకంలో చేయి తిరిగినది. నాలుగోవాడు మగ్గమే లేని ఊళ్లో పుట్టి, పక్కూరి మగ్గం మీద రాత్రిళ్లు నేర్చుకున్నవాడు. అయిదో మనిషి సంగతి ఎవరికీ తెలియలేదు.

తోడల్లుడి కొడుకు చోటు తనకు రాదు, తెడ్డుగాడి చోటూ రాదు. మిగిలినవి మూడు. వాటి కోసం ఎన్ని ఊళ్ల నుంచి ఎంతమంది వస్తారో తెలియదు. ఆశ సన్నదేనని ఆమెకు అర్థమైంది. అయితే అది లేకపోలేదు, దాని ఖరీదు ఒక కేవు.

అప్పుడు ఆమె చీటీలోకి ఎక్కని సంగతులు తలచుకుంది. తండ్రి మంచాన పడ్డప్పటి నుంచి ఇంటి మగ్గాన్ని ఆమే నడిపేది. విరిగిన కొయ్యను ఆమే సరిచేసుకునేది. నేసేవాళ్లు లేక మరుగునపడిన ఒక అంచును, అమ్మమ్మ పాత చీరను పోగు పోగూ విప్పి చూసి, మళ్లీ నేసి పట్టుకుంది. ఆ అంచు జానెడు కత్తిరించి చీటీకి జతచేసింది.

చేతిలో ఉన్నవి రెండు కేవుల డబ్బులే. ఒకటి పెద్ద శాలకు పెట్టింది. రెండోది దిగువ రేవులోని నడితరం శాలకు పెట్టింది. దాని పలక మీద సగం మంది ఎనిమిదికీ పదికీ మధ్య అని ఉంది. ఆ రెండు పడవలూ ఎక్కకముందే ఊరి చివరి శాలకు నడిచి వెళ్లి తన పేరు రాయించి వచ్చింది.

పెద్ద శాల చీటీని రెండు నెలలు ఉంచుకుని, చోటు లేదని తిప్పి పంపింది. ఆ ఏడు అక్కడ చేరినవాళ్లలో పక్క ఊరి పిల్లవాడు ఒకడు ఆరున్నర మూరలే నేశాడని తెలిసి ఊరంతా అన్యాయమంది. నడితరం శాల పెద్ద మాత్రం చీటీ కంటే ముందు అంచు చూసి, ఆమెను చేర్చుకున్నాడు. కుర్రవాడు తర్వాత చాలా ఏళ్లు, తాను ఏరు దాటి ఉంటే పెద్ద శాలలో తప్పక చోటు దొరికేదని చెప్పుకునేవాడు. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు, అవుననడానికీ లేదు. పెద్ద శాల అతని చీటీ చూడనే లేదు.

అమెరికాలో పేరున్న కాలేజీలు 25, 75 పర్సంటైళ్లుగా ప్రకటించే ఎస్ఏటీ స్కోర్లు ఈ పలక రాతే. ఆ రెంటి మధ్య ఉండేది స్కోరు పంపి చేరినవారిలో సగం మందే, కింది అంకెకు లోపు దాదాపు పావు వంతు ఉంటారు. ఐఐటీ, ఎప్‌సెట్ కౌన్సెలింగుల్లో ర్యాంకు దాటితే తలుపు మూయడం చూసిన మన ఇళ్లవాళ్లు, ఆ కింది అంకెను ముగింపు ర్యాంకనుకుని పిల్లలను దరఖాస్తే పెట్టనివ్వడం లేదు. పైగా అన్ని కాలేజీలదీ ఒకే పద్ధతి కాదు: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశాలకు ఎస్ఏటీని చూడదు, ఎంఐటీ కోవిడ్ కాలంలో పక్కన పెట్టి 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది. కనుక ఏ కాలేజీ పలక దానిదిగానే చదవండి, సీటు ఖాయమనిపించే చోట ముందు పేరు రాయించి, ఆ తర్వాత పెద్ద గుమ్మానికీ ఒక దరఖాస్తు పంపండి. రుసుము భారమైతే, అమెరికా స్కూళ్లలో చదివే తక్కువ ఆదాయపు కుటుంబాల పిల్లలకు మాఫీ ఉంది, స్కూల్లో కౌన్సెలర్‌ను అడగండి.