తొట్టి దిగిన బిడ్డ ఎటు వెళ్తుంది

బిడ్డను ఉయ్యాలలో వేయడాన్ని మనం పండగ చేసుకుంటాం. పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల చేసి, పేరంటాళ్ళను పిలిచి, పాటలు పాడి, శనగలు పంచుతాం. ఆ తర్వాత కూడా ఎదుగుదలలో ఒక్కో మెట్టుకు ఒక్కో పిండివంట కేటాయించారు మన పెద్దలు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ళు బిడ్డ ఉయ్యాల వదిలిన రోజుకు మాత్రం వేడుకా పెట్టలేదు, వంటా చెప్పలేదు. మరిచిపోయారని నేను అనుకోను. నూజివీడు, ముసునూరు, చాట్రాయి వైపు మామిడి తోటల్లో పనికి వచ్చిన తల్లి కొమ్మకు పాత చీర కట్టి అందులో బిడ్డను పడుకోబెడుతుంది. కాళ్ళు చాపితే చీర చాలని వయసు వచ్చేసరికి ఆ బిడ్డ చాప మీద తల్లి పక్కకో, ఇంట్లో మామ్మ నులక మంచం మీదికో చేరుతుంది. ఏ రోజున చేరిందంటే ఎవరూ చెప్పలేరు. ఉయ్యాలలో ఉన్నప్పుడు చేయి చాస్తే అందే దూరంలో ఉన్న బిడ్డ, ఉయ్యాల దిగాక ఇంకా దగ్గరికి వచ్చింది. అక్కడ ఎడబాటు లేదు కనుక దానికో తంతు అవసరం పడలేదు.

ఆ తోటల ఊళ్ళనుంచి హైదరాబాదుకో, బెంగళూరుకో, డాలస్‌కో వెళ్ళి స్థిరపడిన ఇళ్ళలో ఇది వేరే రూపం తీసుకుంది. అక్కడ బిడ్డ పడుకునేది నాలుగు వైపులా ఊచలున్న క్రిబ్‌లో, చాలాసార్లు వేరే గదిలో. రెండేళ్ళో రెండున్నరో వచ్చేసరికి ఒక కాలు ఊచల మీదికి వేసి అవతలికి దూకబోతుంది. ఎత్తు ముప్ఫై అయిదు అంగుళాలు వస్తే ఇక మంచం మీదికి మార్చమని అమెరికాలో పిల్లల వైద్యులు చెప్పే లెక్క. దూకి తల పగలగొట్టుకోకుండా అది మంచి లెక్కే, దానితో పేచీ లేదు. అయితే మార్చిన తర్వాత అసలు ప్రశ్న మొదలవుతుంది. ఊచలు తీసేశాం సరే, బిడ్డకు ఏమిచ్చాం? స్వాతంత్ర్యం అంటారు. ఒంటరిగా పడుకోవడం నేర్చుకుంటుంది అంటారు. మనిషి ఎదగడం అంటే ఒంటరిగా ఉండగలగడమేనన్న నమ్మకం ఈ మాటల వెనక ఉంది. అది పిల్లల పెంపకం దాటిన, తత్వానికి చెందిన నమ్మకం. దాన్ని ప్రశ్నించకుండా మంచం కొనేస్తున్నాం.

ఒంటరితనం గురించి మన దగ్గరున్న పాత ఆలోచనల్లో ఒకటి బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉంది. సృష్టికి ముందు ఉన్నవాడు ఒక్కడే. అతడు భయపడ్డాడు. అందుకే ఒంటరిగా ఉన్నవాడికి భయం వేస్తుందని ఉపనిషత్తు చెబుతుంది. తర్వాత, నేను తప్ప మరొకటి లేనప్పుడు ఎవరికి భయపడాలి అని ఆలోచించుకున్నాడు, భయం పోయింది. కథ అక్కడ ఆగితే ఒంటరి పడకను సమర్థించేవాళ్ళకు అది గొప్ప ఆధారమయ్యేది. కానీ ఆగలేదు. భయం పోయినా అతడికి సంతోషం లేదు, ఒంటరివాడికి సంతోషం ఉండదు, అందుకే రెండోవారిని కోరుకున్నాడు అంటుంది ఆ వెంటనే వచ్చే మంత్రం. ప్రజాపతి అంతటివాడికి భయం వేసిందని చెప్పడానికి ఆ గ్రంథం సిగ్గుపడలేదు. రెండేళ్ళ బిడ్డ చీకట్లో ఏడిస్తే దాన్ని దిద్దాల్సిన దురలవాటు కింద లెక్కేయడానికి మనం మాత్రం తొందరపడతాం.

భయం పోవడం ఒకటి, సంతోషం కలగడం ఇంకొకటి. ఆ రెండోదాని దగ్గరే శ్రీవైష్ణవుల పాత వాదం పనికొస్తుంది. జీవుడు భగవంతుణ్ణి ఎలా చేరతాడన్నదాని మీద వడగలై, తెంగలై సంప్రదాయాలు రెండు ఉపమానాలు చెబుతాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. జీవుడి వైపునుంచి కొంత ప్రయత్నం ఉండాలని మొదటివాళ్ళు, అంతా ఆయన దయేనని రెండోవాళ్ళు. వందల ఏళ్ళుగా సాగుతున్న ఈ వాదంలో రెండు పక్షాలూ చర్చ లేకుండా ఒప్పుకున్న సంగతి ఒకటుంది. పిల్ల తల్లి దగ్గరే ఉంది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారన్నదే తగాదా. తల్లి లేకుండా పిల్ల ఒక్కటే తన దారి చూసుకుంటుందనే మూడో ఉపమానాన్ని ఎవరూ చెప్పలేదు. ఆ దర్శనంలో జీవుడి పారతంత్ర్యం లోపం కాదు, స్వభావం.

దీన్ని మంచానికి అన్వయిస్తే నాకు తోచేది ఇది. ఊచల తొట్టిలో ఉన్నంతకాలం బిడ్డ పిల్లిపిల్ల. ఏడిస్తే తల్లి రావాలి, ఎత్తుకోవాలి. అంతకుమించి బిడ్డ చేయగలిగింది లేదు. ఊచల్లేని మంచం మీదికి మారిన రోజున బిడ్డ కోతిపిల్ల అవుతుంది. ఇప్పుడు తానే లేచి, తానే నడిచి, తల్లిని వెతుక్కుని వచ్చి పట్టుకోగలదు. అంటే ఊచలు తీసి బిడ్డకు మనమిచ్చింది నడిచి వచ్చే స్వేచ్ఛ. మంచం మార్చిన మొదటి వారంలోనే అర్ధరాత్రి బిడ్డ అమ్మానాన్నల గదిలో ప్రత్యక్షమవుతుందని అందరూ చెప్పేదే. పెంపకం పుస్తకాలు దాన్ని సమస్యల జాబితాలో చేర్చి, మాట్లాడకుండా తిరిగి తీసుకెళ్ళి పడుకోబెట్టమంటాయి. నా లెక్కలో అది ఆ బిడ్డ జీవితంలో మొదటి శరణాగతి. అంతకుముందు ఆధారపడటం దానికి తప్పనిసరి. ఇప్పుడది తాను ఎంచుకున్నది.

చిన్నపిల్లలు ఒంటరిగా పడుకోవడం ప్రకృతి ధర్మమేమీ కాదనడానికి సాక్ష్యం మన పక్కనే ఉంది. రిచర్డ్ ష్వేడర్ అనే మానవశాస్త్రవేత్త, సహచరులతో కలిసి, భువనేశ్వర్‌లోని ఒడియా కుటుంబాలనూ షికాగోలోని హైడ్ పార్క్‌వాసులనూ ఒకే ప్రశ్న అడిగి 1995లో ఫలితాలు ప్రచురించారు. ఒక కుటుంబానికి ఇన్ని గదులుంటే ఎవరిని ఎవరి పక్కన పడుకోబెడతారు అన్నదే ఆ ప్రశ్న. షికాగోవాళ్ళు దంపతుల ఏకాంతాన్ని ముందు కాపాడారు. భువనేశ్వర్‌వాళ్ళకు చిన్నపిల్లను ఒంటరిగా వదలకపోవడమే ముఖ్యమనిపించింది. పడక సర్దుబాటులో నీతి దాగి ఉంటుందన్నది ష్వేడర్ మాట. ఆ నీతుల మధ్య తేడా ఒక్కోసారి కోర్టుల దాకా పోతుంది. 2011లో నార్వేలోని స్టావాంగర్‌లో ఒక భారతీయ దంపతుల పిల్లల్ని అక్కడి శిశుసంక్షేమ శాఖ తీసుకెళ్ళినప్పుడు, బిడ్డ తండ్రి పక్కలో పడుకోవడాన్ని కూడా తప్పుపట్టారని ఆ కుటుంబం చెప్పింది.

ఇక్కడ నాలాంటివాళ్ళు గొప్పలకు పోయే ప్రమాదం ఉంది. మరీ పసిపిల్లల్ని పెద్దల పక్కలో పడుకోబెట్టడం మంచిది కాదని అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఊపిరాడక పోయే ప్రాణాలు నిజం, వాటి ముందు ఏ తత్వమూ చెల్లదు. అయితే ఆ సంస్థే 2016లోనూ 2022లోనూ ఇచ్చిన సలహాలో కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్క మీద పడుకోవాలంది. చేయి చాస్తే అందే దూరంలో వేరే పక్క అంటే, ఇంచుమించు మన ఉయ్యాల. పైగా ఇక్కడి ప్రశ్న పసికందుల గురించి కాదు, నడిచే పిల్లల గురించి.

ఇంకో ఆక్షేపణ గట్టిది. ఎవరో ఒకరి పక్కన పడుకున్న పిల్ల ఎప్పటికి ఎదుగుతుంది? తనను తానే ఉద్ధరించుకోవాలని గీత కూడా చెప్పింది కదా? దీనికి జవాబు నూజివీడు నర్సరీలలో పాతకాలపు అంటు కట్టే పద్ధతిలో దొరుకుతుంది. కుండీలో పెంచిన టెంక మొక్కను తల్లిచెట్టు కొమ్మ దగ్గరికి తెచ్చి, రెండింటికీ బెరడు చెక్కి, కలిపి కట్టేవారు. రెండు మూడు నెలల్లో అతుకు కలిసేదాకా కొమ్మ తల్లిచెట్టు మీదే ఉండేది. కలిశాక కూడా ఒక్క వేటుతో తెంచరు. సగం గాటు పెట్టి కొన్నాళ్ళు ఆగి, ఇంకొంచెం లోతుగా కోసి, చివరికి వేరు చేస్తారు. తొందరపడి కోసిన అంటు ఎండిపోతుందని రైతుకు తెలుసు. ఎదుగుదలను నేను కాదనడం లేదు. విడదీయడాన్ని ఎదుగుదలకు కారణంగా చూపడంతోనే నా పేచీ. అతుకు బలపడింది కనుక విడదీస్తారు. విడదీసినందువల్ల అతుకు బలపడదు. అయిదు ఇంగ్లీషు మాట్లాడే దేశాల పిల్లల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనం, మూడేళ్ళలోపు పిల్లల్లో మంచం మీదికి మారినవాళ్ళకన్నా తొట్టిలో ఉన్నవాళ్ళే ఎక్కువసేపు నిద్రపోతున్నారని తల్లిదండ్రుల మాటలనుబట్టి తేల్చింది. ఒంటరి పడక అలవాటున్న సమాజాల్లో కూడా తొందర లాభించలేదన్నమాట.

అసలైన అభ్యంతరం మాత్రం మన పురాణంలోనే ఉంది. నూజివీడు దగ్గరి ఆగిరిపల్లి కొండ మీద వెలసింది నరసింహస్వామి. ఆ స్వామిని స్తుతిస్తూ ప్రహ్లాదుడు, నువ్వు ఉపేక్షించినవాడికి తల్లిదండ్రులు కూడా శరణు కాలేరని భాగవతం ఏడో స్కంధంలో అంటాడు. చెప్పినవాడూ పసివాడే. మరి బిడ్డకు అమ్మ చేయే దిక్కని వాదించడం ఏం సబబు? ఆ మాట అన్నవాడి తండ్రి హిరణ్యకశిపుడని గుర్తుచేసి తప్పించుకోవచ్చు గానీ, అది చాలదు. ఆ స్తుతికి ముందు ఏం జరిగిందో చూడాలి. కాళ్ళమీద పడ్డ పిల్లవాణ్ణి లేవనెత్తి స్వామి వాడి తల మీద చేయి వేశాడు. ఆ స్పర్శ తర్వాతే మాట వచ్చింది. శరణు అక్కర్లేదని ప్రహ్లాదుడు అనలేదు, శరణు ఎవరో తేల్చుకున్నాడు. తల మీద ఒక చేయి ఉండటం ఎలా ఉంటుందో ఎరగని బిడ్డకు ఆ తేల్చుకోవడం ఎక్కడినుంచి వస్తుంది?

మిగిలింది తల్లి సంగతి. మామ్మ, పిన్ని, అత్త ఉన్న ఇంట్లో బిడ్డ రాత్రి ఎవరి పక్కలోకి దూరినా సాగిపోయేది. ఇద్దరే ఉన్న ఫ్లాట్‌లో, పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాల్సిన ఆడమనిషి మీదే ఆ బరువంతా పడుతుంది. శరణాగతి గురించి వ్యాసాలు రాసే మగవాళ్ళు రాత్రి లేవరని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. లేవాల్సింది తండ్రి కూడా. తల్లి అలిసిపోయిందన్నది బిడ్డను తన మంచానికి తిరిగి పంపడానికి సరైన కారణమే. బిడ్డ కోసమే పంపుతున్నామని చెప్పుకోవడం మాత్రం సరైనది కాదు.

కాబట్టి మంచం కొనేటప్పుడు చూడాల్సింది దాని ఎత్తూ, కొలతా మాత్రమే కాదు, బిడ్డ గదికీ తల్లిదండ్రుల గదికీ మధ్య ఉన్న తలుపును కూడా. మెట్ల దగ్గర అడ్డం పెట్టడం కావలి. బిడ్డ గది గుమ్మానికి అడ్డం పెడితే, లేదా తలుపు బయటినుంచి గడియ పెడితే, గది మొత్తం ఒక పెద్ద తొట్టి అవుతుంది, బిడ్డ మళ్ళీ పిల్లిపిల్ల అవుతుంది. ఈసారి తల్లి రాదని తెలిసిన పిల్లిపిల్ల. తలుపు తీసి ఉంచితే కొన్నాళ్ళు రోజూ వస్తుంది, తర్వాత జ్వరం వచ్చిన రోజునో ఉరుములు ఉరిమిన రాత్రో వస్తుంది. ఎన్నాళ్ళకు రావడం మానుతుందన్నది పిల్లనుబట్టి ఉంటుంది గానీ క్యాలెండర్‌నుబట్టి ఉండదు.