వైశాఖంలో పరిచిన పచ్చిక

దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల మీద నాలుగు రాళ్ళు వెనకేసుకున్న షావుకారు ఒకాయన ఉండేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, మగ్గాల షెడ్డులో రెండూను. ఊరి బయట హిందూపురం రోడ్డు పక్కన ఇల్లు కట్టి, వైశాఖంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాడు. వాకిట్లో ఎర్రమట్టి బోసిగా కనిపిస్తోంది. ముహూర్తం నాటికి అక్కడ పచ్చిక పరిపించాలని ఆయన పట్టుదల.

పనికి పిలిచిన ముసలాయన ద్రాక్షతోటల్లో వయసు గడిపినవాడు. గునపంతో నేలను ఒక్క పోటు పొడిచి, లేచిన పెళ్ళను గుప్పిట్లో నలిపి చూశాడు. నలగలేదు.

"ఇప్పుడొద్దు సావుకారూ. ముందర రోహిణి కార్తె ఉంది, రోళ్ళు పగిలే ఎండ. మృగశిర రానీ, నేల తడిసినాక నేనే పరుస్తా."

"నీళ్ళ సంగతి నాకొదిలెయ్ తాతా. దుడ్డిస్తే ట్యాంకరు రాదా?"

"నీళ్ళు తెస్తావు. మబ్బు తెస్తావా?"

షావుకారు వినలేదు. నర్సరీ నుంచి లారీలో చుట్టలు చుట్టిన గడ్డి దిగింది. చుట్ట నడుమ చెయ్యి పెడితే వేడి తగిలింది. విప్పితే లోపలి ఆకు అప్పుడే పసుపుబారి ఉంది. అయినా పరిచారు. గృహప్రవేశం నాడు చుట్టాలు మెచ్చుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు.

ఆ తర్వాత రోజూ ట్యాంకరు. పొద్దున తడిపితే మధ్యాహ్నానికి ఆరిపోయేది. పలకల అంచులు ముడుచుకుని, అతుకుల మధ్య ఎర్రమట్టి కనబడసాగింది.

ఒకనాడు షెడ్డులో ఒక మగ్గం ఆగి ఉంది. ఆ మగ్గం నేసేవాడు ఎండ ఎక్కాక వచ్చాడు.

"ఏమప్పా, ఇంత పొద్దెక్కి వస్తావా?"

"ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడినానన్నా. మా వీధికి నాలుగు దినాలుగా రాలేదు. కొత్తిళ్ళ దిక్కు ఎవరో ఎక్కువిస్తాండారంట, బండి అటే పోతాంది."

షావుకారు మాట్లాడలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి పచ్చిక మూల ఒకటి పట్టుకుని లాగాడు. పెనం మీది రొట్టెలా లేచి వచ్చింది. అడుగున ఒక్క కొత్త వేరు లేదు.

మర్నాటి ట్యాంకరును ఆ వీధికి పంపించి, డబ్బు తానే కట్టాడు. గడ్డి ఎండి వరిగడ్డి రంగు తిరిగింది. ముసలాయన ఎత్తిపొడవలేదు. వేసవి జల్లులకు నేల గుల్లబారగానే తవ్వించాడు. తుంగ మొలిచేదాకా ఆగి గడ్డలతో సహా పెరికించాడు. ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, నీరు నిలవకుండా వాటం తీశాడు. మృగశిర వెళ్ళి ఆరుద్ర ప్రవేశించాక, తుంపర పడుతుండగా కొత్త పలకలు పరిచాడు. ఆషాఢం వెళ్ళేసరికి ఏ మూల పట్టి లాగినా పచ్చిక కదల్లేదు.

నీతి: అదను చూడవలసింది మన ముహూర్తాన్ని బట్టి కాదు, వేరునూ ఊరి నీళ్ళనూ బట్టి.

వేరు సంగతి తేలిక. కోసిన గడ్డి పలక వేళ్ళలో చాలా భాగం నర్సరీ నేలలోనే ఉండిపోతుంది. కొత్త వేళ్ళు దిగేదాకా దానికి పైపై తడే ఆధారం. ఎండలో, పొడిగాలిలో ఆకు వదిలే నీరు ఎక్కువ, వేరు తాగేది తక్కువ. గరిక గానీ కొరియన్ గడ్డి గానీ వెచ్చటి నేలలోనే చురుగ్గా వేరు తొడుగుతాయి కాబట్టి డిసెంబరు, జనవరి చలిలోనూ పని నిదానమే. బెంగళూరు వైపు సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద వానలు అతుకుల్లో మట్టిని కోసుకుపోతాయి. జూన్, జూలై నెలల్లో నేల వెచ్చగానే ఉంటుంది, గాలిలో చెమ్మ ఉంటుంది, వాన సన్నగా పడుతుంది.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద కారణం నీళ్ళు. నంది కొండల్లో పుట్టి దొడ్డబళ్ళాపురం మీదుగా దిగే అర్కావతి నది ఒకప్పుడు బెంగళూరుకే నీళ్ళిచ్చింది. దాని మీద 1894లో హెసరఘట్ట చెరువు, 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం కట్టింది అందుకే. ఇవాళ ఆ నదిలో ఏడాదిలో చాలా నెలలు పారకం లేదు, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడకూడదని, వాడితే 5,000 రూపాయలు జరిమానా అని ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. అలాంటి ఎండల్లో పరిచిన పచ్చిక ఎవరో ఒకరి బిందె ఖాళీ చేసే బతుకుతుంది.

వేసవిలో గృహప్రవేశం ఉన్నవాళ్ళు వాకిట్లో షామియానా వేసి జంపఖానాలు పరిస్తే చుట్టాలకు ఏ లోటూ ఉండదు. ఈలోగా నేల తవ్వించి, తుంగ తీయించి, ఎరువు కలిపించుకోవచ్చు. గడ్డి మాత్రం జూన్ రెండోవారం తర్వాతకు చెప్పాలి. కోసిన రోజే లారీకెక్కించమని నర్సరీవాళ్ళతో ఖరారు చేసుకుని, దిగిన పూటే పరిపించాలి.