ఊపిరి బిగబట్టకండి!

“ఓర్పులో భూదేవి” అని ఆడవాళ్ళని మెచ్చుకుంటారు చూడండి, ఆ మెప్పు నాకూ చాలాసార్లు దక్కింది. దక్కినప్పుడల్లా మురిసిపోయాను కూడా. అది అంత మురిసిపోవలసిన సంగతేనా అన్న అనుమానం మాత్రం ఈమధ్య అండమాన్‌లో, సముద్రం అడుగున కలిగింది.

నవ్వకండి. సముద్రం మొహం ఎరగని మదనపల్లె మనిషికి అక్కడేం పని అంటారా? అంతా మా అమ్మాయి నిర్వాకం. పైగా నాకు ఈత వచ్చునన్న ధైర్యం ఒకటి. పుంగనూరులో మా నాన్నగారి మామిడితోపు బావిలో, నడుముకి బెండ్లు కట్టి మా అన్న నేర్పిన ఈత అది. ఊపిరి బిగబట్టి అడుక్కి మునిగి, గుప్పెడు మన్ను పైకి తెస్తేనే మునిగినట్టు లెక్క. పన్నెండో ఏడు రాగానే “ఇంక చాల్లే, ఆడపిల్లవి” అని అమ్మ బావి మెట్లు దిగనివ్వలేదు. మునగడం ఆగిందిగాని, ఊపిరి బిగబట్టడం ఆగలేదని ఇప్పుడు తెలుస్తోంది.

2018 దాకా హేవ్‌లాక్ అనిపించుకున్న స్వరాజ్ దీవిలో మొదటిరోజు స్నార్కెల్. కళ్ళకి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, నీటిమీద బోర్లా తేలుతూ కింది పగడపు దిబ్బల్నీ చేపల్నీ చూడటం. పెళ్ళివారింట్లోకి కిటికీలోంచి తొంగిచూసినట్టుంటుంది. ఇంకాస్త దగ్గరగా చూడాలంటే ఊపిరి బిగబట్టి మునగాలి. అది నాకు తెలిసిన విద్యే!

“గొట్టం ఇంకా పొడుగ్గా పెడితే కిందే కూచుని చూడొచ్చుగా?” అన్నాను. కుదరదట. కిందికి పోయేకొద్దీ నీళ్ళు ఛాతీని నొక్కేస్తాయి. పైనున్న గాలిని లోపలికి లాగే బలం మనకుండదు. లోతుకి వెళ్ళే మనిషి తన గాలి తనే మోసుకు వెళ్ళాలి. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు అందుకు సాధనం తయారుచేశారు. వీపున సిలిండరు ఉంటుంది. చుట్టూ నీటి ఒత్తిడి ఎంత ఉంటే అంత ఒత్తిడితో నోటికి గాలి అందుతుంది.

రెండోరోజు ఆ స్కూబా. నేర్పే కుర్రాడు తెలుగువాడే, తాతల కాలంలో శ్రీకాకుళం వైపునించి వచ్చి స్థిరపడ్డ కుటుంబమట. “ఆంటీ, అన్నిటికంటే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి” అన్నాడు.

“నిన్న బిగబట్టాను కదయ్యా!”

“నిన్న పైన పీల్చిన గాలిని కిందికి తీసుకెళ్ళారు. తిరిగొస్తే అది మళ్ళీ మామూలు కొలతకే వస్తుంది. ఇవాళ కింద పీల్చిన గాలిని పైకి తెస్తారు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు. అక్కడ నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిరుగుతాయి. వదులుతూనే ఉండాలి.”

లోపలికి దిగాక చేపలకంటే నా ఊపిరి చప్పుడే ఎక్కువ వినబడింది. పాత అలవాటు కదా, ఒకసారి బిగబట్టేశాను. కుర్రాడు భుజం తట్టి, వదలమని సైగ చేశాడు. ఎందుకో అప్పుడు పుంగనూరు బావి గుర్తొచ్చింది.

నాన్నగారు పోయాక, తొమ్మిదేళ్ళ కిందట అన్న ఆ తోపూ బావీ అమ్మేశాడు. ఆడపిల్లకి సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది. నా సంతకం అడిగాడు, నా వాటా రూపాయితో సహా ఇచ్చాడు. “అమ్ముదామా?” అని మాత్రం అడగలేదు. చట్టానికి సంతకం చాలు, మాట అక్కర్లేదు కదా! నవ్వుతూ సంతకం పెట్టాను. ఏటా ఉగాదికి కుప్పంలో వాళ్ళింట భోంచేసి, ఆ ఊపిరి అలాగే పట్టుకుని ఇల్లు చేరేదాన్ని.

అయితే ఓర్పు తప్పా? కాదు. పిల్లల పేచీ, అత్తగారి సణుగుడు, ఆయన చిరాకు, ఇవన్నీ పైపై గాలులు. కాసేపు బిగబడితే వాటంతట అవే పోతాయి. లోతులో పీల్చిన బాధ అలా కాదు. దాచినకొద్దీ పెరుగుతుంది. దుర్యోధనుడు జలస్తంభన చేసి మడుగులో దాక్కున్నాడు. బయటికి వచ్చేసరికి ఆయన కోపమేమన్నా తగ్గిందా?

అలాగని ఒక్క ఉదుటున పైకి తన్నుకు రావడమూ ప్రమాదమే. నెమ్మదిగా రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. మునిగిన రోజే విమానం ఎక్కకూడదు. కోపానికీ ఈ నియమాలు పనికొస్తాయనిపించింది.

చెన్నైలో విమానం దిగి రైల్లో కుప్పం వచ్చాం. వదిన కాఫీ ఇచ్చింది. తాగాక, మెల్లిగానే అన్నాను: “అన్నా, ఆ బావి అమ్మేముందు నన్నొక మాట అడిగుంటే బాగుండేది.”

అన్న తెల్లబోయాడు. “అదేందమ్మా, నవ్వుతా సంతకం పెడితివి గదా!” అని, చాలాసేపు ఆగి, “నాకూ అమ్మబుద్ధి కాలేదు. నువ్వు వద్దంటావేమోనని చూస్తిని” అన్నాడు.

ఇద్దరం ఊపిరి బిగబట్టాం. బావి పోయింది.

మర్నాడు మదనపల్లె బస్సు పుంగనూరు దాటుతుంటే కిటికీలోంచి ఆ తోపు వైపు చూశాను. తొమ్మిదేళ్ళుగా అటు చూడనేలేదు సుమండీ.