ఇంటి గుట్టు ఎవరికి చేటు?



మన రాజంపేట ప్రాంతంలో చిన్నా పెద్దా అందరి నోటా వినబడే సామెత ఒకటుంది: ఇంటి గుట్టు లంకకు చేటు. విభీషణుడు ఇంటి రహస్యం శత్రువుకు చెప్పబట్టే లంక కూలిందని దాని భావం. ఈ సామెత మన దేవాలయ ప్రాంగణాల్లోనూ బాగానే చెల్లుతోంది. ఒక గురువు మీదనో, ఉపదేశి మీదనో, హాస్టలు వార్డెను మీదనో ఘోరమైన ఆరోపణ వచ్చినప్పుడు పెద్దలు మొట్టమొదట అనే మాట "బయటికి పొక్కనీయవద్దు" అని. శ్రీసభకు చెడ్డపేరు వస్తుంది, ఇతరులు నవ్వుతారు, బలహీనుల విశ్వాసం సన్నగిల్లుతుంది అని వారి భయం. ఆ భయం వట్టిదని నేననను. ఈ సీమలో మనం గుప్పెడుమందిమి. ఒకరి తప్పును అందరికీ అంటగట్టేవారు ఉంటారు.

అయినా ఆ సామెతను కాస్త నిదానంగా చూడండి. లంక కూలింది తమ్ముడు మాట్లాడినందుకా, అన్న చేసిన పనికా? విభీషణుడు మొదట కొలువులోనే, అన్న ముందరే చెప్పాడు కదా, సీతమ్మను పంపివేయమని. అక్కడ వినలేదు గనుకనే బయటికి నడిచాడు. ఈ సామెత కట్టినవారెవరో లంక పక్షాన నిలబడి కట్టినట్టున్నారు. అశోకవనంలో చెట్టు కింద కూర్చున్న ఆమె పక్షాన నిలబడి ఉంటే మాట మరో విధంగా వచ్చేది.

మన బైబిలులోనూ ఇటువంటి ఇల్లు ఒకటుంది. షిలోహు యాజకుడు ఏలీ కుమారులిద్దరు దేవుని గుడారం వాకిట సేవచేసే స్త్రీలను చెరచేవారు. ఏలీకి ఆ సంగతి తెలుసు. ఊరంతా చెప్పుకొన్నారు. పిలిచి మందలించాడు, అంతటితో సరిపెట్టాడు. పదవి నుంచి తొలగించలేదు. ఆ స్త్రీలను పిలిచి ఏమి జరిగిందని అడిగినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. తుదకు యుద్ధంలో కుమారులిద్దరూ ఒక్కనాడే చచ్చారు, దేవుని మందసమే శత్రువుల చేతికి చిక్కింది. ఏ పరువు పోతుందని మెల్లగా మందలించాడో ఆ పరువే పోయింది.

గుట్టుగా ఉంచాలనేవారు పునీత పౌలుగారిని సాక్ష్యానికి తెస్తారు. కొరింతు విశ్వాసులు తమ తగాదాలను అన్యుల న్యాయస్థానాలకు ఈడ్చడాన్ని ఆయన తప్పుపట్టారు, నిజమే. కాని అక్కడ ఆయన మాట్లాడినది లోకవ్యవహారాల తగవుల గురించి. అటువంటిచోట నష్టం భరించి ఊరుకోవడమే మేలన్నారు. ఒకడు తన నష్టాన్ని తాను భరించవచ్చు. ఒక బాలిక మీద జరిగిన అత్యాచారాన్ని విచారణ పెద్దలు భరించడమేమిటి? భరించేది ఆ బిడ్డ. పైగా అదే పౌలుగారు రోమీయులకు వ్రాస్తూ, చెడు చేసినవానిని శిక్షించే అధికారం పాలకులకు దేవుడే ఇచ్చాడని నేర్పారు.

క్షమ మాటా అంతే. క్షమించమని ప్రభువు చెప్పలేదా అంటారు. చెప్పారు. అయితే దెబ్బ తిన్నవారి తరఫున ఇంకొకరు క్షమించేయడం కుదిరే పనేనా? పాపాన్ని దేవుని పేరిట గురువు మన్నించగలరు. నేరాన్ని మేత్రాణులవారైనా మన్నించలేరు, అది వారి చేతిలోనిది కాదు. చాటుమాటుగా మరో విచారణకు బదిలీ చేయడాన్ని క్షమ అనడం మరీ అన్యాయం. అక్కడి పిల్లల తల్లిదండ్రులను ఎవరు అడిగారు?

ఇది దూరదేశపు కథ అనుకోవద్దు. బోస్టన్ అగ్రపీఠంలో గురువులను ఒక విచారణ నుంచి ఇంకొక విచారణకు మార్చుతూ నేరాలను దాచిన వైనం 2002లో పత్రికలకెక్కి, ఆ డిసెంబరులో కార్డినల్ లా రాజీనామా చేశారు. ఇది కతోలికుల జబ్బు మాత్రమే కూడా కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్, యెహోవాసాక్షుల దస్త్రాలు తెరిపిస్తే 1950 నుంచి 1006 మంది మీద పిల్లల విషయంలో ఆరోపణలున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ సంఘం పోలీసులకు తెలుపలేదు. హైదరాబాదు నుంచి అమెరికాలోని సౌత్ డకోటాకు సేవకు వెళ్లిన మన గురువొకరు 2018లో అరెస్టయ్యారు. 13 ఏండ్ల బాలిక విషయంలో నేరం ఒప్పుకొని 2019లో ఆరేండ్ల జైలుశిక్ష పొందారు.

అన్నిటికన్నా నన్ను కలతపెట్టింది కేరళలోని కొట్టియూరు సంగతి. 2017లో ఒక మైనరు బాలిక ప్రసవించింది. కారకుడు ఆమె విచారణ గురువే. అయితే పోలీసులు వచ్చినప్పుడు, తప్పు నాదేనని ముందుకు వచ్చినది ఎవరో తెలుసా? ఆ బాలిక కన్నతండ్రి! గురువు పరువు కాపాడడానికి ఒక తండ్రి అంతటి నిందను నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డాడంటే, ఆ ఇంట్లో భక్తి ఎంత లోతుగా ఉందో, అది ఎంత దారి తప్పిందో ఆలోచించండి. 2019లో తలశ్శేరి న్యాయస్థానం ఆ గురువుకు ఇరవై ఏండ్ల శిక్ష వేసింది, తరువాత హైకోర్టు దాన్ని పదేండ్లకు తగ్గించింది. దాచారన్న అభియోగం మోసిన మిగతావారు శిక్ష లేకుండా బయటపడ్డారు. పోపుగారు ఆయనను గురుత్వం నుంచే తొలగించారు.

ఇప్పుడు మన ఇంటి మాట. 2016 ఏప్రిల్‌లో కరుణగిరిలో దివ్యపూజ ముగించుకొని వస్తున్న అప్పటి కడప మేత్రాణులు గల్లెల ప్రసాద్‌గారిని కొందరు అపహరించి కొట్టారు. విషయం పోలీసులకు చేరింది. పద్నాలుగుమంది అరెస్టయ్యారు, వారిలో ముగ్గురు గురువులే. అరెస్టు అంటే నేరం రుజువైనట్టు కాదు, ఆ మాట మరువకూడదు. నేను చెప్పదలచినది వేరు. మేత్రాణులవారి మీద దెబ్బ పడినప్పుడు, చేసినవారిలో గురువులున్నారనే అనుమానం ఉన్నా, అది పోలీసుల పనేనని మనకు సులభంగా తోచింది. సరిగానే తోచింది. శ్రీసభ కూలిపోలేదు. అదే దెబ్బ నోరులేని పిల్ల మీద పడితే ఎందుకు తోచదు?

అబద్ధపు ఆరోపణ అయితేనో అంటారు. సూసన్న కథ గుర్తుచేసుకోండి. నింద వేసినవారు ఊరి పెద్దలు, న్యాయాధిపతులు. సంఘమంతా వారినే నమ్మింది. ఆమెను కాపాడింది దానియేలు సాక్షులను వేరుచేసి ప్రశ్నించడం. సరైన దర్యాప్తు నిర్దోషికి కూడా రక్షణే. రాత్రికి రాత్రి బదిలీ అయిన నిర్దోషి గురువు వెంట ఆ పుకారు బ్రతికినంతకాలం నడుస్తుంది.

పాపసంకీర్తనం రహస్యం ఒక్కటే వేరు. అక్కడ విన్నది గురువు ప్రాణం పోయినా చెప్పరాదు, లొంగిపోతేనే పాపవిమోచనమని షరతు పెట్టనూ రాదు. కాని బిడ్డే వచ్చి తన బాధ అక్కడ చెప్పుకొంటే, బయట ఇంకొకరితో చెప్పమని ధైర్యమివ్వవచ్చు. కార్యాలయంలో, ఫోనులో, సంఘ సమావేశంలో తెలిసినది పాపసంకీర్తనం కాదు. ఆ తేడాను మసకబారనీయకూడదు. ఇటువంటి కేసులకున్న పోపుగారి రహస్య ముద్రను 2019 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపుగారే ఎత్తివేశారు.

మన రాజంపేట చుట్టుపక్కల ఎందరో తల్లులు కువైట్‌లో ఇళ్లల్లో పనిచేస్తూ పిల్లలను ఇక్కడి హాస్టళ్లలో విడిచి ఉన్నారు. వారు ఫాదరుగారినీ సిస్టరమ్మనూ నమ్మి విమానమెక్కారు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేండ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుంటే ఆరునెలల వరకు జైలు, సంస్థ అధిపతి తన కిందివారి నేరాన్ని దాస్తే ఏడాది వరకు. ముందు మన కమిటీ విచారిస్తుంది, తరువాత చూద్దామనే వెసులుబాటు అందులో లేదు. మంచి మనసుతో చెప్పినవారి మీద కేసు ఉండదు. పిల్లల సహాయానికి ఫోను నంబరు 1098. మీ విచారణ హాస్టలు గోడ మీద, పిల్లలకు కనబడే ఎత్తులో, ఆ నంబరు వ్రాసి ఉందో లేదో ఈ ఆదివారం పూజ అయ్యాక చూసి రండి.