మురుగు అని పిలిచే ముందు

పేరు పెట్టడం కూడా ధర్మాధర్మ విచారణకు లోబడిన పనే. ఒక ప్రవాహాన్ని నది అన్నప్పుడు దాని పట్ల మనకొక కర్తవ్యం ఏర్పడుతుంది. మురుగుకాలువ అన్నంతనే ఆ కర్తవ్యం తీరిపోయినట్లు భావిస్తాం. సూరత్ నగరంలోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలు ఇందుకు నిదర్శనం. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలకు అక్కడి మరమగ్గాలు బతుకుతెరువు చూపాయి. లింబాయత్ మీదుగా పారే పాయ పేరు మీఠీ ఖాడీ. మీఠీ అంటే తీయనిది. నేడు ఆ తీపి పేరుకే పరిమితం.

అయినా ఇటువంటి నీరు నిర్జీవం కాదు. ప్రాణవాయువు సన్నగిల్లిన బురదలో సైతం కొన్ని ఎర్రని పురుగులు బతుకుతాయి. వాటి దేహంలోని హిమోగ్లోబిన్ ఆ కొద్దిపాటి వాయువునే పట్టి ఉంచుతుంది. పొడుగుకాళ్ల ఉల్లంకి పిట్టలు వాటిని ఏరుకుతింటాయి. గట్టున జమ్ము మొలుస్తుంది. నగర జీవనాడియైన తాపీ నదిపై 1995లో సింగణ్‌పోర్ వద్ద కట్టిన ఆనకట్ట సముద్రపు పోటును అడ్డగించింది. దానికి ఎగువన నిలిచిన మంచినీటిపై గుర్రపుడెక్క అల్లుకుంటుంది. దిగువన, సాగరసంగమం దాపున, మడచెట్లు ఉప్పుబురదలో శ్వాసవేళ్లు నిలుపుకొని నిలిచాయి.

పిట్టలు వాలుతున్నవి గనుక నీరు క్షేమమని తలచరాదు. మాలిన్యాన్ని సహించే కొన్ని జీవులే అక్కడ మిగిలాయన్నది ఆ దృశ్యంలోని హెచ్చరిక. జీవరాశిని గుర్తించడమంటే ఉన్నవాటిని లెక్కించడమే గాక, లేనివాటిని గూర్చి ప్రశ్నించడం కూడా.

కార్మికుని కడుపు నిండనిదే పిట్టల సంగతి ఎందుకన్న ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అద్దకపు పరిశ్రమ ఆగితే మగ్గమూ ఆగుతుంది. కాని వర్షాకాలంలో ఖాడీ పొంగినప్పుడు ఆ మురికినీరు చేరేది గట్టున ఉన్న కార్మికుని ఇంటికే. పిట్టకూ అతనికీ కీడు ఒక్క దారినే వస్తున్నది. కనుక నీటిని శుద్ధిచేసే వ్యయాన్ని లాభం పొందినవారు భరించాలి. ఆ భారం కూలి డబ్బులపై పడటం న్యాయం కాదు.

అయితే మనకు మేలు కలుగుతుందన్న లెక్కపైననే ఈ ధర్మాన్ని నిలబెట్టరాదు. ఏ ప్రయోజనమూ లేని ఉల్లంకికి సైతం ఆ బురదపై హక్కున్నది. తంగేడు, గునుగు పూలను పేర్చి, పూజించి, బతుకమ్మను నీటికి అప్పగించే జనానికి ఈ భావం కొత్తది కాదు. పూలను స్వీకరించే నీటిని మురుగు అని ఎలా పిలువగలం?