హక్కుకు తనిఖీ అడ్డమా?

పిల్లల తెలుగు గురించీ, పండుగల గురించీ మన సంచికల్లో ఏటా రాసుకుంటున్నాం. తుపాకి గురించి మాత్రం నోరు విప్పం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథాలో హైదరాబాదు నుంచి వచ్చిన మన ఇంజనీరు ఒకరు కాల్పులకు బలయ్యాక కూడా ఆ ఊసు మనకెందుకని ఊరుకోలేం.

ముందుగా ఒకటి ఒప్పుకుందాం. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద ప్రభుత్వం లైసెన్సు ఇస్తేనే తుపాకి. అమెరికాలో అది 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ కాపాడే హక్కు. అది వ్యక్తికి చెందినదేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తుపాకి ఉంచుకున్న పొరుగాయనను చిన్నచూపు చూసే అధికారం మనకు లేదు.

అయితే తీవ్ర నేరాల్లో శిక్షపడ్డవారికి తుపాకి కూడదనే నిషేధాలను ఆ తీర్పు కదిలించలేదు. ఎవరికి అమ్మకూడదో చట్టం చెప్పాక, కొనేవాడెవరో చూడకపోతే ఆ చట్టం కాగితాలకే పరిమితం. అందుకే 1993లో బ్రేడీ చట్టం, 1998 నుంచి ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ వ్యవస్థ వచ్చాయి. లైసెన్సున్న దుకాణంలో గుర్తింపు కార్డు చూపి, 4473 ఫారం నింపాలి. నేరారోపణ ఉందా, గృహహింస కేసులో శిక్ష పడిందా అని అందులో ప్రశ్నలుంటాయి. చాలామందికి నిమిషాల్లోనే జవాబు వస్తుంది. తనిఖీలో నెగ్గినవారి వివరాలను 24 గంటల్లోపు ఆ వ్యవస్థ నుంచి తుడిచేయాలి.

నిషేధం ఉన్నవారి పేరుతో తన పేరు కలిసిందని కొనుగోలు ఆగిపోయిన నిర్దోషి కష్టం నిజమైనదే. అతనికి అప్పీలు వెంటనే తేలాలి. కానీ తనిఖీ గురి తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. మానసిక ఆరోగ్యంపై కోర్టు ఇచ్చిన ఉత్తర్వు రికార్డులకు ఎక్కకపోవడంతో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో కాల్పులు జరిపిన హంతకుడికి తుపాకులు దొరికాయి. 2007లో 32 మంది చనిపోయారు. ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే దుకాణదారు అమ్మేయవచ్చు. చార్ల్‌స్టన్ చర్చిలో 2015లో తొమ్మిది మందిని చంపినవాడు ఆ సందులోంచే తుపాకి కొన్నాడు. లైసెన్సు లేని వ్యక్తి మరొకరికి అమ్మితే ఫెడరల్ చట్టం తనిఖీ అడగనే అడగదు.

మనలో హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు సాధారణంగా తుపాకి కొనకూడదు. గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం వచ్చాక ఆ వెసులుబాటు వస్తుంది. అప్పుడు కొనాలనుకుంటే తనిఖీకి సంతోషంగా నిలబడదాం, తుపాకిని తాళంలో పెడదాం. మన పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంటివాళ్లను, వేరుశెనగ ఎలర్జీ సంగతి చెప్పినంత మామూలుగా ఇంట్లో తుపాకి ఉందా, ఎక్కడుందని అడుగుదాం. ఓటున్నవాళ్లం మన శాసనసభ్యులకు రెండు కోర్కెలు రాద్దాం: ప్రైవేటు అమ్మకాలకూ తనిఖీ ఉండాలి, పొరపాటున ఆగినవారికి త్వరగా న్యాయం జరగాలి. హక్కునూ ప్రాణాన్నీ రెంటినీ కాపాడాలనుకునేవారు ఈ రెండు కోర్కెలనూ కలిపే అడగాలి.